పాటలో మాట వినబడుతోందా? – ఈ నెల మీ ఉత్తరాలకు జవాబులు

క్రిస్మస్ దగ్గరపడే కొద్దీ ఉత్తరాల్లో పాటల గొడవ పెరుగుతుందని మాకు తెలుసు గానీ ఈసారి మరీ ఎక్కువైంది. వాక్యం గురించి అడగడం మొదలుపెట్టినవాళ్లు కూడా చివరికి క్వయర్ (గుడిలో పాడే బృందం) దగ్గరే తేలారు. అందుకే ఈ నెల శీర్షిక మొత్తం దానికే ఇచ్చేశాం. ఉత్తరాలు కాస్త కుదించాం, పేర్లు వేయలేదు.

ప్రశ్న: మా సంఘంలో పోయిన ఈస్టర్ తర్వాత క్వయర్ ఆపేశారు. ఇప్పుడు కీబోర్డు, డ్రమ్స్, ట్రాక్, మైకు పట్టుకుని నలుగురు లీడ్ సింగర్లు. మా నాన్నగారు ముప్పయ్యేళ్లు క్వయర్‌లో బేస్ (అడుగు స్వరం) పాడారు, ఇప్పుడు వెనక బెంచీలో కూర్చుని ఏమీ మాట్లాడరు. యూత్ వాళ్లేమో "అదంతా దొరల పాట, ఇప్పుడెవరు వింటారు" అంటున్నారు. న్యాయం ఎవరి వైపు ఉంది?
– డిగ్రీ విద్యార్థిని, తెనాలి

జవాబు: అమ్మా, ముందు మీ నాన్నగారికి మా వందనాలు చెప్పండి. బేస్ పాడడమంటే ఎవరూ మెచ్చుకోని పని. రాగం పైస్వరం పాడే సొప్రానోకి పోతుంది, పేరు సోలో పాడినవాళ్లకి పోతుంది, బేస్ లేని రోజున మాత్రం పాట కూలబడుతుంది.

ఇక తగువు సంగతి. ఇది మీ సంఘంలో పుట్టింది కాదు, యూట్యూబ్‌తో వచ్చిందీ కాదు. 1562లో, ఇప్పటి ఇటలీలోని ట్రెంట్‌లో జరిగిన మహాసభలో కాథలిక్ బిషప్పులు కూర్చుని దాదాపు ఇదే విషయం మీద తర్జనభర్జన పడ్డారు. అప్పటికి గుళ్లలో నాలుగైదు గొంతులు ఒకదానిలో ఒకటి అల్లుకునే పాట బాగా పెరిగిపోయింది, ఒక గొంతు "దేవా" దగ్గరుంటే ఇంకో గొంతు "కరుణించు" దాకా వెళ్లిపోయి ఉంటుంది, కింద నిలబడి వినేవాడికి ఒక్క ముక్క అర్థం కాదు. పైగా మన దగ్గర సినిమా బాణీకి యేసుపాట కట్టినట్టే, బజార్లో పాడుకునే ప్రేమపాటల బాణీలు తెచ్చి పూజలో పెట్టేవాళ్లు. ఇదంతా తీసేసి అందరూ ఒకే స్వరంలో పాడే పాత పద్ధతికి పోదామన్నవాళ్లూ ఉన్నారు. చివరికి సభ తేల్చింది చిన్న మాటే, అశ్లీలమైనది, అపవిత్రమైనది గుడి సంగీతంలో ఉండకూడదని. బహుస్వర గానాన్ని నిషేధించలేదు.

దీని చుట్టూ ఓ కథ అల్లుకుంది. పాలెస్ట్రీనా అనే స్వరకర్త "పోప్ మార్సెల్లుస్ మాస్" అనే పూజ సంగీతం రాసి వినిపిస్తే బిషప్పులు కరిగిపోయి క్వయర్ సంగీతాన్ని బతకనిచ్చారని. వినడానికి బాగుంటుంది, చరిత్రకారులు మాత్రం ఒప్పుకోరు. కానీ ఆ పేరులో ఉన్న పోప్ నిజం. రెండో మార్సెల్లుస్ 1555లో మూడు వారాలే పదవిలో ఉండి చనిపోయాడు. ఆ మూడు వారాల్లోనే గుడ్ ఫ్రైడే వచ్చింది, ఆ రోజు గాయకులను పిలిచి, పాడేది ఈ రోజు శ్రమలకు తగ్గట్టు ఉండాలి, మాటలు వినబడాలి, అర్థం కావాలి అని గట్టిగా చెప్పాడు. పాలెస్ట్రీనా మాస్‌లో గ్లోరియా (స్తుతి), క్రెడో (విశ్వాస ప్రమాణం) వినండి, ఆరు గొంతులున్నా చాలాచోట్ల అక్షరాలను కలిసి పలుకుతాయి, లాటిన్ రానివాడికి కూడా పదం ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో తెలుస్తుంది.

కాబట్టి మీ సంఘంలో అడగాల్సిన ప్రశ్న క్వయరా బ్యాండా అన్నది కాదు, మాట వినబడుతోందా లేదా అని. డ్రమ్స్ మోతలో చరణం మునిగిపోతే అది ట్రెంట్ నాటి జబ్బే. మీ పాత క్వయర్ నాలుగు స్వరాల్లో ఎంత గొప్పగా పాడినా కింద కూర్చున్న ముసలమ్మకి ఒక్క మాట అందకపోతే అదీ అదే జబ్బు. మీ నాన్నగారి క్వయర్ ఏ రకమో మాకు తెలియదు, మీకు తెలుసు.

"దొరల పాట" అన్న మాట సగం నిజం. నాలుగు స్వరాల పాట మిషనరీలతోనే వచ్చింది. అయితే ఆ డ్రమ్ కిట్టు, ఆ సింథ్ ప్యాడ్ ఏ ఊరివి? అవేమీ గోదావరి ఒడ్డున మొలవలేదు కదా. అసలు సిసలు మన పాట కావాలంటే ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకం తీయండి, కీర్తన నెత్తిన రాగం, తాళం పేర్లు వేసి ఉంటాయి. పందొమ్మిదో శతాబ్దంలో పురుషోత్తమ చౌదరిగారు ఆ బాటలోనే కట్టారు, ఆయన పాటలు ఈనాటికీ పాడుకుంటున్నాం. 1912లో దోర్నకల్ బిషప్ అయిన అజరయ్యగారు ఆంగ్లికన్ సభలో మొట్టమొదటి భారతీయ బిషప్, ఆయన తెలుగు పాటకు, మన పద్ధతి కథాగానానికి చోటిచ్చారు. 1939లో ప్రతిష్ఠ జరిగిన దోర్నకల్ కెథీడ్రల్ చూస్తే గుడి స్తంభాలూ మసీదు గుమ్మటాలూ కలిసి కనిపిస్తాయి. రోమ్ కూడా చివరికి అక్కడికే వచ్చింది, రెండో వాటికన్ మహాసభ 1963లో ఆరాధన మీద చేసిన శాసనంలో గ్రెగోరియన్ గానానికి (అందరూ ఒకే స్వరంలో పాడే పాత లాటిన్ గానం) ప్రథమ స్థానం ఇస్తూనే, మిషన్ దేశాల్లో ఆ ప్రజల సొంత సంగీతానికి తగిన గౌరవం ఇమ్మని రాసింది.

మీరు చేయగలిగింది ఒకటుంది. నెలకో ఆదివారం ఒక్క కీర్తన, మైకు లేకుండా, యూత్ వాళ్లూ పెద్దవాళ్లూ కలిసి పాడేలా అయ్యగారిని అడగండి. బేస్ మీ నాన్నగారి చేత నేర్పించండి. కీబోర్డు అబ్బాయికి కాస్త టెన్షన్ వస్తుంది, రానివ్వండి.

ప్రశ్న: నేను దేవుణ్ని నమ్మను. పుట్టింది హిందూ కుటుంబంలో. కానీ రాత్రిపూట పని చేసుకుంటూ ఎస్టోనియా స్వరకర్త ఆర్వో పార్ట్ క్వయర్ సంగీతం వింటాను, ఒక్కోసారి కీబోర్డు మీద చేతులు ఆగిపోతాయి. మా ఆఫీసులో ఒక క్రైస్తవ మిత్రుడు "నమ్మకం లేకుండా వింటే అది దొంగతనంగా వాడుకోవడమే" అన్నాడు. సరదాకే అన్నాడు గానీ గుచ్చుకుంది.
– సాఫ్ట్‌వేర్ ఉద్యోగి, హైదరాబాద్

జవాబు: మీ మిత్రుడితో ఒక పేరు చెప్పండి, ఇంగ్లిష్ స్వరకర్త రాల్ఫ్ వాన్ విలియమ్స్. 1906లో వచ్చిన ఇంగ్లిష్ హిమ్నల్ అనే స్తుతిగీతాల పుస్తకానికి సంగీత సంపాదకుడు ఆయనే, ఇవాళ ప్రపంచమంతా పాడే స్తుతిగీతాల బాణీలు ఎన్నో ఆయన చేతిమీదుగా వచ్చాయి. ఆ రోజుల్లో ఆయన నాస్తికుడు. మరి ఆ పుస్తకం పట్టుకుని పాడిన విశ్వాసులందరూ దొంగసొత్తు పాడినట్టా?

అయితే ఆర్వో పార్ట్ విషయంలో ఇంకొంచెం లోతుకు పోవాలి, ఎందుకంటే ఆయన సంగీతం ఊరికే "ప్రశాంతంగా" ఉండడానికి పుట్టింది కాదు, దాని వెనక పెద్ద వాదన ఉంది. ఎస్టోనియాలో 1935లో పుట్టాడు, పెరిగింది సోవియట్ పాలనలో. 1968లో "క్రెడో" అని ఒకటి రాశాడు. "కంటికి కన్ను, పంటికి పల్లు" అన్న ధర్మశాస్త్రం మాటను, దాని మీద యేసు కొండమీద చెప్పిన "దుష్టుని ఎదిరింపవద్దు" అన్న మాటను ఎదురెదురుగా నిలబెట్టాడు. మొదటిదాన్ని పాడేటప్పుడు సంగీతం రానురాను పగిలిపోయి గోలగా మారిపోతుంది, రెండోదానికి జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన ఒక చిన్న వాద్య ముక్క, సి మేజర్ ప్రెల్యూడ్, నిశ్శబ్దంలోంచి తిరిగి వస్తుంది. ఇది పాటలా కనిపించే వ్యాఖ్యానం, ఒక ప్రసంగీకుడు గంట తీసుకునే విషయం. "యేసుక్రీస్తును నమ్ముచున్నాను" అని బహిరంగంగా పాడించినందుకు అధికారులకు మండింది, ఆ కృతి మళ్లీ వినబడకుండా చేశారు.

ఆ తర్వాత ఆయన దాదాపు మూగబోయాడు. ఏళ్లపాటు పాత గ్రెగోరియన్ గానం చదువుతూ కూర్చున్నాడు, 1972లో ఆర్థొడాక్స్ సభలో చేరాడు, 1976లో కొత్త పద్ధతితో బయటికి వచ్చాడు. పద్ధతి చెప్పుకోవడానికి చాలా తేలిక. రెండు గొంతులు. ఒకటి మెట్టు మెట్టుగా పైకీ కిందికీ నడుస్తుంది, తప్పటడుగులు వేస్తుంది, ఇంకోటి ఒకే కార్డ్‌లోని (కలిపి మోగే స్వరాల గుంపులోని) మూడు స్వరాలు దాటి బయటికి పోదు. మొదటిది మనిషి పాపాలు, రెండోది క్షమాపణ అని ఆయనే వివరించాడు. 1980లో దేశం విడిచి వియన్నా, అక్కడి నుంచి బెర్లిన్ వెళ్లాడు. 1982 నాటి "పాసియో" యోహాను సువార్తలోని శ్రమల కథ, అందులో ఏ స్వరం ఎంతసేపు సాగాలో ఆయన ఇష్టం కాదు, వాక్యంలోని పదాలూ కామాలూ ఫుల్‌స్టాపులూ నిర్ణయిస్తాయి. మీ చేతులు ఆగిపోవడానికి ఇదే కారణం కావచ్చు, ఆ సంగీతం వాక్యానికి లొంగి నడుస్తుంది.

కాబట్టి మీకు మా సలహా, నమ్మండి అని కాదు, చదవండి అని. "పాసియో" వినేటప్పుడు యోహాను 18, 19 అధ్యాయాలు పక్కన పెట్టుకోండి. మాటలు తెలియకుండా వింటే సగమే విన్నట్టు. ఇది నమ్మేవాళ్లకీ వర్తిస్తుంది, అసలు వాళ్లకే ఎక్కువ వర్తిస్తుంది. నాలుగో శతాబ్దంలో మిలాన్ గుడిలో పాటలు విని ఏడ్చిన అగస్టీన్, తర్వాత బిషప్ అయ్యాక తన ఒప్పుకోలు గ్రంథంలో ఏం రాసుకున్నాడంటే, పాడబడే మాటకంటే పాటే నన్ను ఎక్కువ కదిలించినప్పుడు నేను పాపం చేసినట్టే, అప్పుడు ఆ పాట వినకపోయినా బాగుండేదనిపిస్తుందని. అంతటివాడు తన మీద తను వేసుకున్న నేరం అది, మీ మిత్రుడు ముందు తన మీద వేసుకుని ఆ తర్వాత మీ దగ్గరికి రావచ్చు.

ఒక్క చిన్న చురక మీకు కూడా. ఈమధ్య "సాంస్కృతిక క్రైస్తవుడు" అని ఒకటి వాడుకలోకి వచ్చింది, రిచర్డ్ డాకిన్స్ అంతటి నాస్తికుడు కూడా 2024లో రేడియోలో తను అలాంటివాణ్నని, కేరల్స్ అన్నా కెథీడ్రల్స్ అన్నా ఇష్టమని చెప్పాడు. ఇష్టపడడం మంచిదే. కానీ నమ్మి రోజూ పాడేవాళ్లు తగ్గిపోతే సంతోషమే, పాట మాత్రం ఉండాలంటే ఎలా? ఎవరో ఒకరు చలిలో లేచి రిహార్సల్‌కి పోవాలి కదా.

ప్రశ్న: పోప్ గుడిలో రహస్యంగా దాచిన పాటను మోజార్ట్ చిన్నప్పుడు ఒక్కసారి విని రాసేశాడని పిల్లలకు చెబుతుంటాను. నిజమేనా, కట్టుకథా?
– ఉపాధ్యాయుడు, రాజమండ్రి

జవాబు: చెప్పండి మాస్టారూ, కానీ కాస్త సర్ది చెప్పండి. 1770 పరిశుద్ధ వారంలో పద్నాలుగేళ్ల మోజార్ట్ రోమ్‌లో సిస్టీన్ చాపెల్‌లో అల్లెగ్రి రాసిన "మిసెరేరే" విన్నాడు, జ్ఞాపకం మీద రాసుకున్నాడు, ఈ సంగతి వాళ్ల నాన్న భార్యకి ఉత్తరంలో రాశాడు. అంతవరకు సరే. ప్రపంచంలో ఎవరి దగ్గరా ప్రతి లేదన్నది మాత్రం అతిశయోక్తి, అప్పటికే కొన్ని ప్రతులు బయట ఉన్నాయి, మరుసటి ఏడాది లండన్‌లో అచ్చయింది కూడా. పోప్ శిక్షించలేదు సరికదా, అదే ఏడాది పిల్లాడికి బిరుదు ఇచ్చాడు. ఇవాళ రికార్డింగుల్లో అందరూ ఎదురుచూసే ఆ ఆకాశాన్నంటే పైస్వరం అల్లెగ్రిది కాదు, తర్వాతి కాలంలో రాతప్రతులూ అచ్చుప్రతులూ కలగాపులగమై వచ్చి చేరింది. పిల్లలకు పాటలోని మాట కూడా చెప్పండి, అది దావీదు 51వ కీర్తన, "దేవా, నీ కృపచొప్పున నన్ను కరుణింపుము." పాట గొప్పతనం చెప్పి అందులో ఏముందో చెప్పకపోవడం మనవాళ్లకి బాగా అలవాటు.

ప్రశ్న: మా అమ్మాయి వాళ్లు ఇంగ్లండ్‌లో ఉంటారు. ఎనిమిదేళ్ల మనవడు అక్కడి కెథీడ్రల్ క్వయర్‌కి ఎంపికయ్యాడు. వారంలో చాలా సాయంత్రాలు సర్వీసు. పోయినసారి వెళ్లినప్పుడు చూశాను, ప్రసంగం లేదు, సాక్ష్యాలు లేవు, జనం నోరు తెరవరు, పిల్లలూ నలుగురైదుగురు పెద్దవాళ్లూ పాడుతుంటే అందరూ వింటూ కూర్చుంటారు. మేం బాప్టిస్టులం. ఇదేం ఆరాధనండీ? వాణ్ని పంపడం మంచిదేనా?
– ఒక అమ్మమ్మ, నెల్లూరు

జవాబు: అమ్మమ్మగారూ, మీరు చూసింది ఈవెన్‌సాంగ్. పాత కాలంలో మఠాల్లో సాయంత్రం ఒక ప్రార్థన, పడుకోబోయే ముందు ఒక ప్రార్థన ఉండేవి, 1549లో ఇంగ్లండ్ ఆర్చిబిషప్ క్రాన్మర్ ఆ రెంటినీ కలిపి మామూలు జనం కోసం ఇంగ్లిషులో ఒక్కటిగా చేశాడు. ఇప్పుడు వాడే రూపం 1662 ప్రార్థన పుస్తకంలోది. ప్రసంగం లేదని కదా మీ బాధ, కానీ వాక్యం ఎంత ఉందో లెక్క చూడండి. ఆ పుస్తకం దావీదు కీర్తనలు మొత్తం 150నీ నెలరోజుల ఉదయ సాయంత్రాలకు పంచింది. దాంతోపాటు పాత నిబంధన పాఠం ఒకటి, కొత్త నిబంధన పాఠం ఒకటి, మరియమ్మ పాట, సుమెయోను పాట. మన ఆదివారం సర్వీసులో రెండు గంటల్లో చదివే వాక్యం ఎంతో మీకు మేం చెప్పక్కర్లేదు.

వినడం ఆరాధన కాదా అన్నది మంచి ప్రశ్నే, దాని మీద బాప్టిస్టులకూ ఆంగ్లికన్లకూ నాలుగు శతాబ్దాలుగా పడదు, మేమిక్కడ తేల్చలేం. ప్రసంగం వింటూ కూర్చోవడం ఆరాధన అయినప్పుడు పాడిన వాక్యం వినడం ఎందుకు కాదని మాత్రం మాకు అనిపిస్తుంది. ప్రసంగం లేదన్నారు గానీ ఆ పాటలోనే ప్రసంగం ఉంటుంది. హెర్బర్ట్ హవెల్స్ అని ఒక స్వరకర్త, తొమ్మిదేళ్ల కొడుకును 1935లో పోలియోకి పోగొట్టుకున్న తండ్రి, మరియమ్మ పాటకు ఎన్నోసార్లు స్వరం కట్టాడు. "సింహాసనములనుండి బలవంతులను పడద్రోసి" అన్నచోట మిగతావాళ్లు ఢమఢమలాడిస్తారు కదా, ఈయన 1945లో కేంబ్రిడ్జ్ కింగ్స్ కాలేజీకి రాసినప్పుడు అలా చేయలేదు. ఇది ఒక తల్లి పాడే పాట, ఆమె నోట బలవంతులు కూలాలి గానీ అందులో మొరటుతనం ఉండకూడదన్నాడు. లూకా మొదటి అధ్యాయం మీద ఇంత చక్కగా ఆలోచించిన ప్రసంగాలు మేం ఎక్కువ వినలేదు.

ఇక పంపడం సంగతి. నేర్చుకునేది చాలా ఉంటుంది, స్వరాలు చూసి చదవడం, ఊపిరి, గంటసేపు కదలకుండా నిలబడడం. ఒకప్పుడు మగపిల్లలకే ఉండేది, 1991లో సాలిస్‌బరీ కెథీడ్రల్ ఆడపిల్లల క్వయర్ మొదలుపెట్టాక మిగతావాళ్లూ దారిలోకి వచ్చారు. కానీ అందమైన పాట పాడించే చోట అంతా అందంగానే ఉంటుందని మాత్రం అనుకోకండి. జర్మనీలో రెగెన్స్‌బర్గ్ కెథీడ్రల్ బాలుర క్వయర్ ప్రపంచ ప్రసిద్ధం, వెయ్యేళ్ల చరిత్ర ఉంది. 2017లో బయటికొచ్చిన విచారణ నివేదిక ప్రకారం 1945 తర్వాత అక్కడ కనీసం 547 మంది పిల్లలు హింసకు గురయ్యారు, దెబ్బలు చాలామందికి, లైంగిక హింస కొందరికి. అందుకని మీ అమ్మాయితో చెప్పండి, పిల్లల భద్రత చూసే వ్యక్తి ఎవరో, ఫిర్యాదు ఎవరికి చేయాలో ముందే అడిగి తెలుసుకోమని, మనవణ్ని రోజూ ఏం పాడావని మాత్రమే కాకుండా ఎలా ఉన్నావని అడగమని. అడిగినందుకు మొహం చిట్లించే చోటైతే అక్కడ వద్దు.

ప్రశ్న: నేను కీబోర్డు వాయిస్తాను, ఆదివారం రెండు సంఘాల్లో. పారితోషికం అడిగితే "దేవుని సేవకి డబ్బులా?" అంటారు. డబ్బు తీసుకుంటే అది ఆరాధన కాకుండా పోతుందా?
– విజయవాడ

జవాబు: నెహెమ్యా 13వ అధ్యాయం పదో వచనం చదివి మీ సంఘపెద్దలకు వినిపించండి. రావలసిన పాళ్లు అందకపోయేసరికి లేవీయులూ గాయకులూ మందిరం వదిలి తమ పొలాలకు పారిపోయారు, నెహెమ్యా కోప్పడింది గాయకుల మీద కాదు, అధికారుల మీద.

బాఖ్ కంటే భక్తిగా రాసినవాణ్ని చూపించమనండి. రాతప్రతుల చివర "దేవునికే మహిమ" అని లాటిన్‌లో మూడక్షరాలు వేసేవాడు. అదే బాఖ్ 1730లో ఒక పాత మిత్రుడికి రాసిన ఉత్తరంలో లైప్‌జిగ్‌లో ఖర్చులెక్కువ, పైవాళ్లకు సంగీతం పట్టదు అని మొరపెట్టుకుని, ఊళ్లో గాలి ఆరోగ్యంగా ఉంటే చావులు తగ్గి నా ఆదాయం పడిపోతుంది, పోయినేడాది శవసంస్కారాల ఫీజుల్లో నూరు తాలర్లకు (అప్పటి జర్మన్ నాణెం) పైగా నష్టపోయాను అని రాశాడు. ఇల్లు నిండా పిల్లలున్న మనిషి, ఏం చేస్తాడు!

అదే మనిషి దగ్గర మూడు సంపుటాల వ్యాఖ్యాన బైబిలు ఉండేది, ఇప్పుడు అమెరికాలో సెయింట్ లూయిస్‌లోని ఒక సెమినరీలో ఉంది. దాని అంచుల్లో తన చేత్తో రాసుకున్నాడు. 2 దినవృత్తాంతములు 5:13 దగ్గర, గాయకులూ బూరలూ ఏకస్వరంగా స్తుతించినప్పుడు మందిరం మేఘంతో నిండిన చోట, భక్తితో చేసే సంగీతంలో దేవుడు తన కృపతో ఎప్పుడూ ఉంటాడని. ఆదివారం పాట రాసి సోమవారం ఫీజు లెక్క చూసుకుని రాత్రి బైబిలు అంచున నోట్సు రాసుకున్న మనిషి. మీరు ధైర్యంగా అడగండి. కాకపోతే రెండు సంఘాల్లో ఒకే పాటని రెండు రకాలుగా వాయించకండి, రిహార్సల్‌కి ఆలస్యంగా రాకండి, అప్పుడు అడిగే హక్కు గట్టిపడుతుంది.

ప్రశ్న: యూనివర్సిటీలో పరిశోధన చేస్తున్నాను. మా డిపార్ట్‌మెంట్‌లో చర్చికి వెళ్తానంటే జాలిగా చూస్తారు. చర్చిలోనేమో పిహెచ్‌డి అంటే అనుమానంగా చూస్తారు, "ఎక్కువ చదివితే విశ్వాసం పోతుంది" అని. ఈ కాలంలో నిజంగా ఆలోచించే క్రైస్తవులు ఎవరైనా ఉన్నారా, ఉంటే ఎక్కడ?
– విశాఖపట్నం

జవాబు: రెండు వైపులా దెబ్బలు తింటున్నారన్నమాట. ఉన్నారు తమ్ముడూ, బోలెడుమంది. చార్లెస్ టేలర్ అని కెనడా తత్వవేత్త, కాథలిక్. 2007లో "ఎ సెక్యులర్ ఏజ్" అని ఇటుకంత పుస్తకం రాశాడు, ఒకే ప్రశ్న చుట్టూ: పాశ్చాత్య దేశాల్లో 1500లో దేవుణ్ని నమ్మకుండా ఉండడం దాదాపు అసాధ్యం, 2000 నాటికి నమ్మకపోవడమే చాలామందికి తేలికైన దారి, ఈ మధ్యలో ఏం జరిగింది? సైన్స్ వచ్చి దేవుణ్ని తరిమేసిందన్న తేలిక జవాబు ఆయన ఒప్పుకోడు. 2025లో చనిపోయిన తత్వవేత్త అలస్డేర్ మెకింటైర్ మార్క్సిజంలోంచి బయల్దేరి అరిస్టాటిల్ మీదుగా కాథలిక్ విశ్వాసానికి వచ్చినవాడు, 1981 నాటి "ఆఫ్టర్ వర్చ్యూ" నీతిశాస్త్రం చదివే ప్రతివాడూ దాటి రావాల్సిన పుస్తకం. రోవన్ విలియమ్స్ 2002 నుంచి 2012 దాకా కాంటర్‌బరీ ఆర్చిబిషప్, కవి, దోస్తొయెవ్‌స్కీ మీద మొత్తం పుస్తకమే రాశాడు. మీది సైన్స్ డిపార్ట్‌మెంట్ అయితే విశ్వం ఒక ఆది అణువు నుంచి విస్తరించిందన్న ఊహ మొదట చెప్పిన జార్జ్ లెమేత్ర్ కాథలిక్ గురువని గుర్తుచేయండి. అయితే ఇంకో సగం కూడా చెప్పాలి, తన సిద్ధాంతాన్ని ఆదికాండానికి రుజువుగా వాడడం ఆయనకే నచ్చేది కాదు. మన ప్రసంగీకులు ఆ రెండో సగం ఎప్పుడూ మింగేస్తారు.

మీలాంటివాళ్లకు మేం ఎప్పుడూ చెప్పే సంఘటన ఇంకోటుంది. 2004 జనవరిలో మ్యూనిక్‌లో కాథలిక్ అకాడమీలో ఇద్దరు ముసలివాళ్లు ఎదురెదురుగా కూర్చున్నారు. ఒకరు యూర్గెన్ హాబర్‌మాస్, మతం విషయంలో తనకు సంగీతజ్ఞానం లేనట్టే అని మాక్స్ వేబర్ మాట అరువు తెచ్చుకుని చెప్పుకున్న తత్వవేత్త. రెండోవారు కార్డినల్ రాట్జింగర్, మరుసటి ఏడాది పదహారో బెనెడిక్ట్ పోప్ అయ్యారు, ఇంట్లో పియానో మీద మోజార్ట్ వాయించుకునే మనిషి. మతాన్ని హేతువు అదుపులో పెట్టాలి, హేతువుకు కూడా అదుపు కావాలి, ఆటంబాంబు చేసింది హేతువే కదా అని రాట్జింగర్ అన్నారు. మతస్థులు తమ మాటను అందరికీ అర్థమయ్యే భాషలోకి తేవాలి, ఆ తేవడంలో సెక్యులర్ వాళ్లు కూడా చేయి వేయాలి అని హాబర్‌మాస్ వాదన. ఎవరూ ఎవరినీ మార్చలేదు, మార్చాలనీ రాలేదు. మీ డిపార్ట్‌మెంట్ వాళ్లకూ మీ సంఘపెద్దలకూ ఇద్దరికీ ఇది చదివిస్తే బాగుంటుంది, ఇద్దరూ చదవరనుకోండి.

అంతా దొరల పేర్లే చెప్పామని తెనాలి యూత్ అలగకుండా మనవాళ్ల సంగతి. నెల్లూరులో 1886లో పుట్టిన పి. చెంచయ్యగారు పాస్టర్ కాదు, జడ్జి. 1938లో మద్రాసులో మిత్రులతో కలిసి "రీథింకింగ్ క్రిస్టియానిటీ ఇన్ ఇండియా" తెచ్చారు, ఆ ఏడాది తాంబరంలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభకు ఎదురుగా. హిందువుగా పెరిగిన అనుభవాన్ని పారేసి క్రీస్తు దగ్గరికి రానక్కర్లేదన్నది ఆయన పట్టు. అందులో చాలా మాటలతో మాకు పేచీ ఉంది, సంఘం అవసరాన్ని ఆయన మరీ తేలిక చేసేశారనిపిస్తుంది, కానీ అంత ధైర్యంగా ఆలోచించినవాడి పుస్తకం మన బైబిలు కాలేజీల్లో ఎంతమంది తెరిచారో అడగండి. గుర్రం జాషువాగారి "క్రీస్తు చరిత్ర"కు 1964లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది, దాన్ని మన సంఘాలు ఎప్పుడైనా గుడ్ ఫ్రైడే నాడు చదువుకున్నాయా? పద్యం అంటే మనది కాదనుకుంటారు. ఆ పద్యాలు మంచి గొంతున్న ఒకరు నిలబడి రాగం తీసి చదివితే ఏడు మాటల ఆరాధనకి ఏం లోటు వస్తుంది?

చదివితే విశ్వాసం పోతుందా అన్నారు. పోవచ్చు, కొందరికి పోయింది. చదవకపోయినా పోతుంది, అది ఇంకా చప్పుడు లేకుండా పోతుంది. మీరు పిహెచ్‌డి పూర్తిచేయండి, క్వయర్‌లో కూడా చేరండి, ఆలోచన ఒక గదిలో పాట ఒక గదిలో పెట్టుకోకండి.

ప్రశ్న: మా ఊరి సంఘంలో పదిమందిమి పాడతాం. ఎవరికీ స్టాఫ్ నొటేషన్ (ఐదు గీతల మీద స్వరాలు రాసే పద్ధతి) రాదు. నాలుగు స్వరాల పాట నేర్చుకోవచ్చా?
– ఒంగోలు దగ్గర ఒక పల్లె నుంచి

జవాబు: భేషుగ్గా. టానిక్ సోల్‌ఫా నేర్చుకోండి, డో రే మీ అక్షరాలతో రాసేది. ఇంగ్లండ్‌లో నారిచ్‌లో సారా గ్లోవర్ అనే టీచరమ్మ పిల్లల కోసం మొదలుపెడితే జాన్ కర్వెన్ అనే పాస్టరు ఊరూరా తిప్పాడు, పియానో కొనలేని కూలివాళ్లు హ్యాండెల్ బృందగానాలు పాడింది దాంతోనే. మిజోరంలో పల్లె పల్లెకీ క్వయర్ ఉండడానికి కూడా సోల్‌ఫానే పునాది. సరిగమలు వచ్చినవాళ్లకి వారంలో పట్టుబడుతుంది, ఎందుకంటే ఇక్కడ కూడా స ఏ శ్రుతికైనా కదులుతుంది.

నాలుగు స్వరాలతో మొదలుపెట్టకండి, రెండే చాలు. మొదటి రోజు రాగం జోలికే పోకండి, పాట మాటలు గట్టిగా అందరూ కలిసి చదవండి, ఎక్కడ ఆగాలో, ఏ మాట మీద బరువు వేయాలో తేల్చుకున్నాకే స్వరం. ఏ పాట తీసుకోవాలో మాత్రం మమ్మల్ని అడక్కండి, మీ అయ్యగారిని అడగండి, లేకపోతే ఆయన మాకు ఉత్తరం రాస్తారు.